ఒకే డబ్బాలో వణుకూ వంపూ

సభకు అధ్యక్షత వహిస్తున్న జనరల్ మేనేజర్ గారికి, ఆయన పక్కన కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న లా ఆఫీసర్ గారికి, పెద్దలకు, ఫోర్మన్ బాబాయికి, ప్యాకింగ్ బల్లల దగ్గర పని ఆపి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మిత్రులకు, అందరికంటే ముందు చెప్పవలసి ఉండీ ఆఖరున చెబుతున్నందుకు మన్నించమంటూ, ఇవాళ ఉద్యోగం వదిలి వెళ్తున్న మన అక్కయ్యకు, నా నమస్కారం.

నన్ను మాట్లాడమన్నది ఫోర్మన్ బాబాయి. "ఒరేయ్ కరపత్రం, నీకు అయిదు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు అక్కయ్య గురించి మాట్లాడు. ప్రపంచం సంగతి ప్రపంచం చూసుకుంటుంది" అన్నారు. (నవ్వులు) నిజమే, భోజనాల వేళ నా చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కరపత్రం ఉంటుంది కాబట్టి నా పేరు ఇక్కడ చాలామందికి తెలియదు, కరపత్రం అంటే మాత్రం అందరికీ తెలుసు. బాబాయి మాట ప్రకారం నడుచుకోవాలనే ఉంది, కానీ అక్కయ్య గురించి చెప్పబోతే ప్రపంచం కాళ్ళకు అడ్డం పడుతోంది, నేనేం చెయ్యను?

ఈ రోజు కుటుంబాలవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళ కోసం ముందు మన పనేమిటో రెండు మాటల్లో చెబుతాను. వీడియో గేము ఆడేవాళ్ళు రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్ ఉంటుంది కదా, దాని రెండు పిడుల్లోనూ చిన్న మోటార్లుంటాయి. ఆ మోటారు ఇరుసుకి ఒక ఇత్తడి బరువు, కావాలని ఒక పక్కకి ఒరిగేలా బిగిస్తారు. మోటారు తిరిగితే ఆ వంకర బరువు వల్ల పిడి అదురుతుంది. తెర మీద కారు గోడకి గుద్దుకుంటే మీ అరచేతికి తెలుస్తుంది. ఇంతే సంగతి. కానీ ఇందులో "ఇంతే" అనేది ఎంతో అక్కయ్యకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ కారిడార్ చివర, స్టోర్సుని ఆనుకుని ఉన్న గదికి బోర్డు మీద ఏదో పెద్ద పేరుండేది, మనం మాత్రం వణుకుల గది అనేవాళ్ళం. ఆ గదికి ఆమె పెద్ద.

గదిలో అడుగుపెట్టిన ఎవరికైనా ఒకటే నియమం. కళ్ళు మూసుకోవాలి, చేతులు చాచాలి, ఆమె ఇచ్చిన కంట్రోలర్ పట్టుకుని అది ఏమిటో చెప్పాలి. "ముందు చేతిని అడుగు, మీటర్ని తర్వాత అడుగుదాం" అనేవారు. జీతాల గుమస్తా గారు పట్టుకుని "కంకర మీద సైకిలు" అన్నారు. నేలలు తుడిచే పిన్ని పట్టుకుని, "తడిబట్టల బకెట్టు గచ్చు మీద ఈడుస్తున్నట్టుందమ్మా" అంది. అక్కయ్య ఎగిరి గంతేశారు, ఎందుకంటే ఆ గేములో మనిషి గొలుసుతో ఇనప్పెట్టె ఈడుస్తున్నాడు. మన జనరల్ మేనేజర్ గారు కూడా ఒకసారి పట్టుకున్నారు. కాసేపు ఆలోచించి, "ఫోను మోగుతున్నట్టుంది" అన్నారు. "మీ చేతికి ఫోను తప్ప ఇంకేమీ గుర్తులేదు సార్, ఒక వారం సెలవు పెట్టి రండి, అప్పుడు చూద్దాం" అని అక్కయ్య ఆయన్ని బయటికి పంపేశారు. (నవ్వులు. అధ్యక్షులు కూడా నవ్వారు.)

మూడో వరసలో కూర్చున్న బావగారు, అంటే అక్కయ్య వాళ్ళాయన, మనందరికీ బావగారే, నాకొక సంగతి చెప్పారు. ఆమెతో బస్సెక్కడం ఆయన మానేశారట. ఒకసారి కిటికీ చువ్వ మీద అరచెయ్యి పెట్టి, "ఈ బండి ఇంజను కింద రబ్బరు అరిగిపోయింది" అని అందరికీ వినపడేలా అన్నారట. డ్రైవరు బండి ఆపి వెనక్కి తిరిగి, "అమ్మా, మీరు దిగుతారా, నన్ను దిగమంటారా?" అన్నాడట. అవునా బావగారూ? (నవ్వులు) తల ఊపుతున్నారు. సంసారంలో నిజం చెప్పడానికి తల ఊపడమే మార్గమనుకుంటాను.

సరే. నవ్వులు అయ్యాయి. ఇక్కడి నుంచి నవ్వడానికి పెద్దగా ఏమీ లేదు, ముందే చెబుతున్నాను.

మన మీద కేసు పడిందన్న సంగతి మీ అందరికీ తెలుసు. వేసింది ఎవరో కంట్రోలర్లు చేసే కంపెనీ అని చాలామంది అనుకున్నారు. కాదు. వాళ్ళు ఒక్క కంట్రోలర్ చెయ్యలేదు, ఒక్క స్క్రూ బిగించలేదు. ఎవరో కనిపెట్టినవాడి దగ్గర పేటెంటు కొనుక్కుని, దారి పక్కన కూర్చుని, పోయేవాళ్ళని "ఆగు, ఈ వణుకు మాది" అనడమే వాళ్ళ పని. వణుకుకి యజమాని ఉంటాడని మనకెవరికీ తెలియదు! జ్వరం వస్తే వణుకుతాం, భయం వేస్తే వణుకుతాం, దానికీ ఒక రోజు నోటీసు వస్తుందేమో. పేటెంటంటే కొత్తది కనిపెట్టినవాడికి కొన్నాళ్ళు కాపలా అని నేను చదివాను. కాపలా మంచిదే. కానీ కాపలావాడే చేను తన పేర రాయించుకుని, దున్నేవాణ్ణి దొంగ అంటే దాన్నేమనాలి? (చప్పట్లు) వద్దు, చప్పట్లు వద్దు, బాబాయి నా వైపు చూస్తున్నారు.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. నోటీసుతో పాటు వాళ్ళ పేటెంటు నకలు వచ్చింది. అందులో ఒక బొమ్మ ఉంది: ఇరుసు, దానికి అర్ధచంద్రం ఆకారంలో బరువు. మన బరువు కూడా అర్ధచంద్రమే. వణుకుల గదిలో అందరూ ఆ బొమ్మ మీదకి వంగారు. ఒక్కరూ దాని కింద ఉన్న రాత చదవలేదు. చేతులతో బతికేవాళ్ళం కదా, మనకి బొమ్మ కనిపిస్తే చాలు, వస్తువు అర్థమైపోతుంది. "ఓస్, ఆకారమేగా, మార్చేద్దాం" అన్నారు అక్కయ్య. అంతే, దాదాపు ఏడాది పాటు ఆ గదిలో ఇత్తడి అరగదీశాం. చుక్క ఆకారం, చేప ఆకారం, విసనకర్ర ఆకారం. ఒకదాన్ని మించి ఒకటి. చేప ఆకారమైతే, నిజం చెబుతున్నాను, అర్ధచంద్రం కంటే బాగుంది, చివర్లో ఒక మెత్తని విదిలింపు ఉండేది.

తర్వాత కోర్టులో తేలిందేమిటంటే, ఆ రాతలో ఆకారం ఊసే లేదు. తెర మీద జరిగేదాన్ని బట్టి చేతిలో అదురు ఎక్కువా తక్కువా చేసే పద్ధతి మొత్తం వాళ్ళదేనట, బరువు చేపైనా సరే చెంచా అయినా సరే. పైగా వాళ్ళ వకీలు అడిగిన ప్రశ్న వినండి: "తప్పు చెయ్యకపోతే ఆకారం ఎందుకు మార్చారు?" మన నిజాయితీనే మన నేరానికి సాక్ష్యం చేశాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. అక్కయ్యా, మీరు అలా చూడకండి.

కేసు నడుస్తుండగానే మన కొత్త కంట్రోలర్ బయటికి రావాలి. అందులో వంపు సెన్సర్ పెట్టారు. అంటే మీరు కంట్రోలర్‌ని ఎటు వంచితే తెర మీద పడవ అటు తిరుగుతుందన్నమాట. వణుకు మాత్రం కోర్టు గొడవ తేలేదాకా పెట్టడానికి లేదు. అప్పుడు జనం అడుగుతారు కదా, పాతదానిలో ఉన్న వణుకు కొత్తదానిలో ఏమైందని? కేసులో ఓడిపోతున్నామని చెబితే పరువు తక్కువ. అందుకని పైనున్న పెద్దలు ఒక మాట అల్లారు: "వణుకు, వంపు సెన్సర్ ఒక్క డబ్బాలో ఉండలేవు. అదురుకి సెన్సర్ తికమక పడుతుంది. ఇది సాంకేతిక కారణం."

అల్లారు సరే, చెప్పేదెవరు? మేనేజర్లు చెబితే ఎవడూ నమ్మడు. (నవ్వులు) క్షమించండి సార్, అది మీ గురించి కాదు, ఆ పదవి గురించి. అక్కయ్య చెబితే అందరూ నమ్ముతారు. అక్కయ్యని విలేఖరుల ముందు కూర్చోబెట్టారు. ఆమె ఆ వాక్యం చెప్పారు. తల ఎత్తకుండా చెప్పారు. ఎందుకు చెప్పారో తెలుసా? ఆ ఒక్క వాక్యం చెబితే వణుకుల గదిని మూసెయ్యబోమని పైవాళ్ళు మాటిచ్చారు. తీగ చుట్టేవాళ్ళు, ఇత్తడి కోసేవాళ్ళు, మోటారు బిగించేవాళ్ళు, వాళ్ళ ముఖాలు చూసి చెప్పారు. గది మూసేశారా లేదా? వెళ్ళి చూడండి, ఇప్పుడు అక్కడ అట్టపెట్టెలు పెట్టుకుంటున్నారు. తీగ చుట్టిన వేళ్ళతో ఈ అక్కచెల్లెళ్ళు ఇప్పుడు టేపు అంటిస్తున్నారు. మిగతావాళ్ళు ఈ సభలోనే లేరు.

లా ఆఫీసర్ గారు చెయ్యెత్తుతున్నారు. ఒక్క నిమిషం సార్, మీకే వస్తున్నాను.

పోయిన వారం అక్కయ్య స్టోర్సులో తన పనిముట్లు అప్పజెబుతుంటే వెళ్ళి అడిగాను. మా మాటలు మాటల్లాగే చెబుతాను.

"అక్కయ్యా, పోయేముందు ఆ ఒక్క సంగతి చెప్పేయండి."

"ఏ సంగతిరా?"

"మీకు తెలీదా ఏ సంగతో?"

"సంతకం పెట్టాను. కేసులో వాళ్ళతో రాజీ కుదిరినప్పుడు అందరితోపాటు నేనూ పెట్టాను. లోపల జరిగిన పని గురించి బయట నోరెత్తనని."

"సంతకం వాళ్ళది. నోరు మీది."

"పిచ్చోడా, నోరు ఇచ్చేశాననేగా సంతకమంటే. ఇదిగో, ఈ పట్టుకారు సరిగ్గా తుడిచి పెట్టు, తుప్పు పడుతుంది."

"మరి ఆ కాలేజీలో జరిగింది?"

ఆమె పట్టుకారు నా చేతిలోంచి లాక్కుని తనే తుడుచుకున్నారు.

కాలేజీలో ఏం జరిగిందో మీకు చెప్పాలి, ఎందుకంటే ఆమె వెంట సంచి మోసుకెళ్ళింది నేనే. సాంకేతిక కాలేజీవాళ్ళు మోటార్ల గురించి మాట్లాడమని ఆమెని పిలిచారు. ఎంత బాగా చెప్పారో! పిల్లలు బెంచీల మీద నుంచి ముందుకి వంగి విన్నారు. చివర్లో ఒక అమ్మాయి లేచింది. తెలివైన పిల్ల, పొగరు లేదు, నిజంగానే అడిగింది: "మేడమ్, ఇంకో కంపెనీవాళ్ళు ఈ మధ్య వణుకూ వంపూ రెండూ కలిపి చేశారు కదండీ. మీరేమో కుదరదన్నారు. మీకు ఎక్కడ ఆగిపోయింది?"

అక్కయ్య బల్ల మీద సుద్దముక్క అటూ ఇటూ దొర్లించారు. తర్వాత, "మాకు చేతకాలేదమ్మా" అన్నారు.

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు గది మొత్తం పాకింది. చెడ్డ పిల్లలేమీ కాదు, ఆ వయసులో పెద్దవాళ్ళు ఓడిపోతే నవ్వొస్తుంది. ఆమె కూడా వాళ్ళతో పాటు నవ్వారు. తిరుగుదారిలో బస్సు దిగేదాకా కిటికీ చువ్వ మీద చెయ్యి పెట్టలేదు.

ఆ రోజు నుంచి నేను ఒకటే ఆలోచిస్తున్నాను. ఒక మనిషి దగ్గర్నుంచి ఉద్యోగం లాక్కోవచ్చు, గది లాక్కోవచ్చు, లోకంలో అది రోజూ జరిగేదే, దాని మీద కరపత్రాలు బోలెడున్నాయి. కానీ చేతనైనదాన్ని చేతకాలేదని ఆ మనిషి నోటితోనే అనిపించడం! దాని గురించి నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. ఇప్పుడు ఇదే కంపెనీ, ఇదే మనం, రాజీ అయిపోయింది కాబట్టి వణుకు మళ్ళీ పెడుతున్నాం. అక్కయ్య తల వెనకే, గోడ మీద, కొత్త మోడల్ పోస్టరు చూడండి. "మా కంట్రోలర్‌లో మొట్టమొదటిసారిగా రెండూ కలిసి" అని రాశారు. ఏ గోడ ముందు ఆమెని కూర్చోబెట్టారో కాస్త చూసుకోవద్దా సార్?

(సభలో కలకలం. వేదిక మీద అక్కయ్య కుర్చీ జరిపి లేచారు.)

అక్కయ్యా, కూర్చోండి. ఏంటి? మైకులో వినపడటం లేదు. "నీకింకా ఉద్యోగం ఉందిరా" అంటున్నారు. చూశారా, ఈ క్షణంలో కూడా నా ఉద్యోగం గురించే. ఆమె దిగి వెళ్ళిపోతానంటున్నారు. ముందే బెదిరించారు, "ఆ సంగతి ఎత్తావంటే వేదిక దిగిపోతా" అని. నేను మాటివ్వలేదు, "చూద్దాంలెండి" అన్నానంతే. కూర్చోండి అక్కయ్యా, మీ చేత నేనేమీ చెప్పించను. మీరు సంతకం చేశారు, అది మీ మర్యాద. చేసిన సంతకాన్ని కాదనే మనిషైతే మీరు మా అక్కయ్యే కారు. బావగారూ, మీరొకసారి పైకి వచ్చి ఆమె పక్కన నిలబడతారా? ఆఁ, అలా. కుర్చీ పట్టుకోండి, ఆమెని కాదు. (కొద్దిగా నవ్వులు)

లా ఆఫీసర్ గారూ, ఇప్పుడు మీరు. "ఈ హాల్లో ప్రతి ఒక్కరూ సంతకం పెట్టారు, ఎవరు నోరెత్తినా ఒప్పందం ఉల్లంఘనే" అని మీరు ఇందాక ఫోర్మన్ బాబాయితో గుమ్మంలో అన్న మాట నేను విన్నాను. ప్రతి ఒక్కరూ కాదు సార్. ఆ కాగితాలు పంచిన రోజున నేను కాంట్రాక్టు మీద ఉన్నాను. వరసలో నిలబడ్డాను కూడా. మీ గుమస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు పర్మనెంటు కాదుగా, నీకెందుకు, పక్కకి తప్పుకో" అన్నాడు. తప్పుకున్నాను. తర్వాత ఉద్యోగం పర్మనెంటు చేశారు, కాగితం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. సంతకానికి కూడా పనికిరాడని నన్ను వదిలేశారు. ఇవాళ ఈ హాల్లో నోరు తన దగ్గరే ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కాబట్టి నేను చూసింది చెబుతాను. అరవను, ఉపన్యాసం ఇవ్వను.

ఆ వాక్యం చెప్పడానికి చాలాముందే, వణుకుల గదిలో, కిటికీ పక్క బల్ల మీద, ఒకే డబ్బాలో రెండూ ఉన్నాయి. వణుకూ, వంపు సెన్సరూ. చేసింది అక్కయ్య. ఎలా చేశారని నేను అడిగితే, "ఇందులో బ్రహ్మవిద్య ఏముందిరా? వణికించేది మనమేగా. ఎంత వణికిస్తున్నామో మనకి తెలుసుగా. సెన్సరు చెప్పినదాంట్లోంచి ఆ మేరకు తీసేస్తే మిగిలేదే వంపు" అన్నారు. అంతే. ఆ కంట్రోలర్ నా చేతికిచ్చారు. తెర మీద చెరువు, చెరువులో పడవ, పైన వాన. వాన జోరుకి రెండు పిడులూ అదురుతున్నాయి. నేను మెల్లగా కుడికి వంచాను. పడవ మెల్లగా కుడికి తిరిగింది. ఎడమకి వంచాను. ఎడమకి తిరిగింది. ఒక్కసారి కూడా తడబడలేదు.

అది కుదరదన్నది అబద్ధం. "మాకు చేతకాలేదమ్మా" అన్నదీ అబద్ధమే. మొదటిది ఆమె చేత చెప్పించారు. రెండోది, మొదటిదాన్ని కాపాడటం కోసం ఆమె తన నెత్తి మీద తనే వేసుకున్నారు.

దీనివల్ల రేపు పొద్దున నాకు గేటు దగ్గర ఏం చెబుతారో నాకు తెలుసు. పోయిన గది తిరిగి రాదనీ తెలుసు. పోస్టరు మీద ఒక్క అక్షరం మారదనీ తెలుసు. ఇది గెలుపు కాదు మిత్రులారా, గెలిచానని నన్ను భుజాల మీద మొయ్యకండి, నాకు సిగ్గేస్తుంది. కోర్టు ముగిసింది, రాజీ కుదిరింది, కొత్త మోడల్ వస్తోంది, అక్కయ్య మాత్రం ఈ తలుపు దాటి వెళ్ళిపోతున్నారు, పేరు లేకుండా, పైగా చేతకానిదన్న పేరుతో. నా ఒక్క మాట దాన్ని మార్చలేదు.

అయినా, అక్కయ్యా, ఒక్కటి. ఎప్పుడో ఎక్కడో మళ్ళీ ఎవరో ఒక పిల్ల లేచి అడుగుతుంది, మీకు ఎక్కడ ఆగిపోయిందని. అప్పుడు మీరు మీ మాట తప్పొద్దు, మీ సంతకం మీది. కానీ ఆ రెండో అబద్ధం మాత్రం ఇంకెప్పుడూ ఆడకండి, దాని మీద ఎవరూ మీ చేత సంతకం పెట్టించలేదు. "నేను చెప్పకూడదమ్మా, చూసినవాడొకడున్నాడు, వాణ్ణి అడుగు" అనండి. నా పేరు, నా ఇంటి చిరునామా బావగారికి రాసిచ్చాను. ఉద్యోగం ఉన్నా ఊడినా ఆ ఇంట్లోనే ఉంటాను.

ఓపికగా విన్న పెద్దలకు, మధ్యలో మైకు కట్టెయ్యని ఫోర్మన్ బాబాయికి కృతజ్ఞతలు. అక్కయ్యా, తిట్టదలుచుకుంటే మెట్ల దగ్గర నిలబడి ఉంటాను, అక్కడ తిట్టండి. సెలవు.